రెండో సాక్ష్యం

తమ్ముడు పోయిన రోజు మూడో పీరియడ్‌లో నేను ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. ఆయా తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా, "టీచర్, మీరు ఒకసారి ఇంటికి వెళ్ళాలంట" అంది. ఎందుకని నేను అడగలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, మిగతా లెక్క మీరే చేయండని పిల్లలకు చెప్పి బయలుదేరాను. దారిలో వాన మొదలైంది. గొడుగు స్టాఫ్‌రూములోనే ఉండిపోయిందన్న సంగతి ఇల్లు చేరాక తెలిసింది.

స్నానాల గది తలుపు పగలగొట్టి ఉంది. పక్కింటి ఆటో డ్రైవరు, ఇంకో ఇద్దరు కలిసి తమ్ముణ్ణి ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. అప్పటికే ఎవరో తువ్వాలు కప్పారు. లోపల బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతూనే ఉన్నాయి. కుళాయి కట్టాలని ఎవరికీ తోచలేదు. నేను వెళ్ళి కట్టేశాను. ఇవతలికి వచ్చాక అమ్మ నన్ను చూసి అన్న మొదటి మాట, "కాలు జారి పడ్డాడే" అని.

వాడు నాలుక కరుచుకుని ఉన్నాడు. పెదవి చివర రక్తం. రెండు పిడికిళ్ళూ బిగుసుకుని ఉన్నాయి. పన్నెండో ఏట నుంచి వాడికి ఫిట్స్ వచ్చేవి. పదహారేళ్ళుగా ఆ నాలుకనూ ఆ పిడికిళ్ళనూ చూస్తున్న ఇంట్లో, కాలు జారి పోవడానికీ ఫిట్స్‌తో పోవడానికీ తేడా తెలియని మనిషి లేదు.

"అవునమ్మా" అన్నాను.

ఆ వానాకాలం అంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

మా చర్చి సంఘంలో నెల మొదటి ఆదివారం సాక్ష్యాల ఆదివారం. ప్రభువు చేసిన మేలును ఎవరైనా లేచి మైకులో చెప్పవచ్చు. చేసిన మేలే కాకుండా, చేస్తాడని నమ్మిన మేలును కూడా చేసేసినట్టే చెప్పే అలవాటు ఒకటి మాలో ఉంది. ఉద్యోగం రాకముందే వచ్చేసిందని చెబుతారు. కడుపు పండకముందే పండిందని చెబుతారు. అలా ముందుగా చెప్పగలిగితేనే అసలైన విశ్వాసం అంటారు. నేను ఎప్పుడూ లేచేదాన్ని కాదు. తమ్ముడు పోవడానికి పంతొమ్మిది రోజుల ముందు లేచాను.

అప్పటికి ఏడు నెలలుగా వాడికి ఫిట్స్ రాలేదు. అది నిజం. అంతవరకే చెప్పాలనుకున్నాను. నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళాను. నాలుగూ చదివాను. చప్పట్లు మొదలయ్యాయి. స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నన్ను చూసి అంతమంది ఒకేసారి సంతోషపడటం నా జీవితంలో అదే మొదలు. ఆ ఊపులో కాగితం మీద లేని ఐదో వాక్యం నా నోట్లోంచి వచ్చింది.

"ఇక వాడికి మాత్రలతో పని లేదు."

తమ్ముడు మూలన సౌండ్ బాక్సుల దగ్గర కూర్చుని ఉన్నాడు. వాడు రేడియోలు, మిక్సీలు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. ఆదివారాలు మా మైకు గోల పెట్టకుండా చూసుకోవడం వాడి వంతు. నా వైపు చూసి నవ్వాడు. మర్నాటి నుంచి మాత్రలు మానేశాడు. అల్మరాలో మాత్రల అట్ట తగ్గడం లేదని నేను చూశాను. రోజూ లెక్కపెట్టాను. అడిగితే నమ్మకం లేనట్టు అవుతుందని ఊరుకున్నాను. ఈ మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ ఏడు నెలలు మంచిగా గడిచింది ఆ మాత్రల వల్లేనని కూడా తెలుసు.

అన్నీ తెలిసి ఊరుకున్నాను.

తమ్ముడు పోయాక మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికకు మా ముందు గది చాలక వరండాలో కూడా కుర్చీలు వేశారు. పాస్టరుగారు వాక్యం చెప్పి ప్రార్థన చేశారు. అందరూ టీ తాగుతుండగా పెద్దమ్మ గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టింది.

"స్వస్థత పొందిన మనిషి ఎలా పోతాడే? నాకు అంతుబట్టట్లేదు."

"కాలు జారి పడ్డాడక్కా. దానికీ దీనికీ ఏం సంబంధం?" అంది అమ్మ.

"ఉంటుంది. ఇంట్లో ఏ ఒక్కరి మనసులో అనుమానం ఉన్నా దేవుడు చెయ్యి వెనక్కి తీసేసుకుంటాడు." పెద్దమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమైనా అనుమానపడ్డావేంటే? నీది ముందు నుంచీ లెక్కల బుర్ర."

సంఘ పెద్ద, వడ్రంగి తాతయ్య, కుర్చీ కిర్రుమనేలా కదిలి, "అమ్మా, నువ్వు మాట్లాడుతుంటే దేవుడికి కూడా మధ్యలో దూరే సందు దొరకదు. టీ తాగు, చల్లారిపోతోంది" అన్నాడు. ఒకరిద్దరు నవ్వాపుకున్నారు. పెద్దమ్మ మూతి తిప్పుకుంది.

నాకు మాత్రం ఆ మాట గుండెలో దిగబడింది. నేను అట్ట లెక్కపెట్టిన మనిషిని. నా అనుమానం వాణ్ణి చంపిందా, అనుమానాన్ని నొక్కిపెట్టి మైకులో పలికిన ఆ ఐదో వాక్యం చంపిందా? ఏదైనా చేసింది నేనే. ఆ రోజు నుంచి నాకు ప్రార్థన రావడం మానేసింది. మోకాళ్ళ మీద ఉండేదాన్ని. నేల గచ్చు చల్లదనం తెలిసేది. అంతకుమించి ఏమీ ఉండేది కాదు. ఆదివారం పాటలకు పెదవులు కదిపేదాన్ని. ఆయన ఉన్నాడా అన్న ప్రశ్న తరగతి గదిలో చెయ్యెత్తిన పిల్లలా ఎదురుగా నిలబడేది. నేను చూడనట్టు నటించేదాన్ని.

మా ఏడో తరగతిలో రెండో బెంచీ మీద కూర్చునే పిల్లను తోటివాళ్ళు 'గడియారం' అంటారు. పీరియడ్‌కు నాలుగుసార్లు, "టీచర్, టైమెంత?" అని అడుగుతుంది. వాళ్ళమ్మ బజారులో స్కూలు యూనిఫారాలు కుట్టే టైలరమ్మ. మా సంఘమే. ఆ పిల్లకూ ఫిట్స్ ఉన్నాయని చేర్చుకున్నప్పుడే మాకు చెప్పారు. మధ్యాహ్నం వేసే మాత్ర ఆఫీసు గదిలో ఉండేది. ఆయా వేసేది.

తమ్ముడు పోయిన నెలకు, ఒకరోజు డిక్టేషన్ చెబుతూ బెంచీల మధ్య నడుస్తున్నాను. ఆ పిల్ల పెన్ను ఆగిపోయింది. కళ్ళు కిటికీ వైపు నిలిచిపోయాయి. పెదవులు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. రాస్తున్న గీత అక్షరాన్ని వదిలి పేజీ చివరి దాకా జారిపోయింది. నేను పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. కాసేపటికి రెప్పలు ఆర్పి, తెల్లబోయి చుట్టూ చూసి, "టీచర్, టైమెంత?" అంది.

పిల్లలు గొల్లున నవ్వారు. తనకు తెలియకుండా పోయిన కాలం ఎంతో ఆ పిల్ల అడుగుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇంటర్వెల్‌లో ఆయాను అడిగాను. "ఆ పాప మాత్రలు వేస్తున్నావా?"

"ఎక్కడివి టీచర్? వాళ్ళమ్మ వచ్చి డబ్బా తీసుకెళ్ళిపోయిందిగా. నయమైపోయిందంట. మీకు తెలీదా, మీ చర్చే కదా!"

సాయంత్రం టైలరమ్మ షాపుకు వెళ్ళాను. నీలం గుడ్డల కుప్పల మధ్య మిషను తొక్కుతోంది.

"వందనాలు టీచర్, రండి రండి. ఆ గుడ్డలు అవతలికి తోసేసి కూర్చోండి. మీ పిల్లలు ఏం తింటారో ఏమో, ఆర్నెల్లకే నిక్కర్లు పొట్టివైపోతున్నాయి."

"పాపకి మాత్రలు ఆపేశారా?"

"ఆపేశాంగా. మీ సాక్ష్యం విన్న రోజే." ఆమె కాలు ఆగలేదు. "మిగతావాళ్ళు నెలకొకటి చెబుతారు టీచర్, నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తా. మీరు లేచేసరికి మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. టీచర్ లేచిందంటే ఊరికే లేవదు, పది సార్లు సరిచూసుకునే లేస్తుంది అన్నాను."

"మా తమ్ముడు..."

మిషను ఆగింది. ఆమె పెదవుల మధ్య పట్టుకున్న గుండుసూదులను ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చింది. తరువాత నా కళ్ళలోకి చూసింది.

"పాపం, కాలు జారి పోయాడు. అంతే కదా టీచర్? దానికీ ఫిట్స్‌కీ సంబంధం లేదు కదా?"

ఆ గొంతులో ఉన్నది ప్రశ్న కాదు, ప్రాధేయపడటం. లేదని చెప్పమని ఆ తల్లి నన్ను అడుగుతోంది.

"లేదు" అన్నాను.

ఇంటికి ఎలా నడిచానో గుర్తు లేదు. అమ్మకు అవునన్నాను, ఈమెకు లేదన్నాను. రెండూ ఒకే అబద్ధం.

తరువాతి వారం శుక్రవారం, ఇంటిబెల్లు కొట్టాక, తడి మెట్ల మీద మా గడియారం పిల్ల పడిపోయింది. నేను పైన ఉన్నాను. అరుపు విని పరుగెత్తి వచ్చేసరికి నాలుగు మెట్ల కింద పడి కొట్టుకుంటోంది. నుదుటి నుంచి రక్తం. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నా సంచి తల కింద ఉంచి, చుట్టూ చేరిన పిల్లలను వెనక్కి జరగమన్నాను. గోడ మీద గడియారం చూస్తూ సెకన్లు లెక్కపెట్టాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. తమ్ముడికి ఆ లెక్క పెట్టడానికి పక్కన ఎవరూ లేకపోయారు.

క్లినిక్‌లో మూడు కుట్లు పడ్డాయి. "మందు ఎవరు ఆపమన్నారు? తల ఇంకాస్త గట్టిగా తగిలుంటే ఏమయ్యేది?" అని నర్సు గట్టిగా అరిచింది. టైలరమ్మ తడిసి ముద్దయి వచ్చింది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. నిద్రపోతున్న కూతురి పాదాలు పట్టుకుని కూర్చుంది.

"ఇది పరీక్ష. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇన్నాళ్ళ విశ్వాసం పోతుంది. నేను తగ్గను" అని తనలో తానే గొణుక్కుంటోంది.

నేను ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాను. "మా తమ్ముడు కాలు జారి పోలేదు. ఫిట్స్ వచ్చి పోయాడు. మాత్రలు మానేసిన పంతొమ్మిదో రోజు."

ఆమె కూతురి పాదాల మీద దుప్పటి సర్దింది. తరువాత, "మొన్న లేదన్నారు" అంది.

"అబద్ధం చెప్పాను."

"ఏది నమ్మమంటారు మరి? దేవుడి ముందు, అంతమందిలో, మైకులో చెప్పింది ఒకటి. షాపులో చెప్పింది ఒకటి. ఇక్కడ నా చెవిలో చెబుతోంది ఇంకొకటి. తమ్ముడు పోయిన బాధలో ఉన్నారు మీరు. బాధలో మనిషి దేవుణ్ణి కూడా తిడుతుంది." ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇదే నిజమైతే అక్కడ చెప్పండి టీచర్. ఎక్కడ చెప్పారో అక్కడే. అప్పుడు వింటాను."

"చెబుతాను. కానీ మాత్ర ఈ రోజే వెయ్యి. ఆదివారం దాకా ఆగకు, నీకు దండం పెడతాను."

"ముందు మీరు చెప్పండి" అంది, మొహం తిప్పుకుని.

ఆ ఆదివారం నెల మొదటి ఆదివారమే.

శనివారం పొద్దున పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. హాలు కప్పు కారుతోంది. ఆయన లుంగీ ఎగ్గట్టి, కారే చోట్ల బకెట్లు పెడుతూ కుర్చీలు జరుపుతున్నారు. నేను చెప్పింది అంతా నిలబడే విన్నారు.

"సంఘం కదిలిపోతుంది టీచర్. కొత్తగా వచ్చినవాళ్ళు ఉన్నారు. మీ అమ్మగారి సంగతి ఆలోచించారా? ఆ తల్లితో నేను విడిగా మాట్లాడతాను."

"విడిగా నేను మాట్లాడాను. వినలేదు."

ఆయన ఒక కుర్చీ తుడిచారు. తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచారు. "ఆ రోజు మీరు ఆ మాట అనగానే మొదట చప్పట్లు కొట్టింది నేనే" అన్నారు చివరికి. "రేపు మీకు మైకు ఇస్తాను. నాకు భయంగా ఉంది, దాచడం ఎందుకు."

ఇంటికి వచ్చి, తమ్ముడి స్క్రూడ్రైవరు తీసుకుని, స్నానాల గది తలుపు లోపలి గడియ విప్పడం మొదలుపెట్టాను. పగిలిన తలుపుకు వడ్రంగి తాతయ్య కొత్త చెక్క వేసి, మళ్ళీ గడియ బిగించి వెళ్ళాడు. ఫిట్స్ వచ్చే మనిషి ఉన్న ఇంట్లో ఏనాడో తీయాల్సిన గడియ అది. వానకు చెక్క ఉబ్బి మరలు కదలడం లేదు.

అమ్మ వచ్చి నిలబడింది. "ఇప్పుడెందుకే అది?"

"రేపు చర్చిలో చెప్పబోతున్నాను. వాడు ఎలా పోయాడో."

అమ్మ గోడ పట్టుకుంది. అరవలేదు. "నా కొడుకు దేవుడు బాగుచేసిన కొడుకుగా పోయాడు. నాకు మిగిలింది అదొక్కటే. అది కూడా లాగేసుకుంటావా?"

"ఆ పిల్ల పడిపోయిందమ్మా. ఆ పిల్లకి తల్లి ఉంది."

"నేను తల్లిని కాదా?"

అమ్మ వంటగదిలోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు కూడా లేదు.

మొదటి మర ఊడింది. రెండోదానికి చెయ్యి జారి వేలు గీరుకుంది. అప్పుడు మొదలైంది నా నోరు. "నీకు ఈ అబద్ధం కావాలా? నువ్వు చేయని పనిని చేశావని చెప్పాను. ఎందుకు? నీ పరువు పోతుందనా? నీ పరువు నిలబెట్టడానికి వాడు చావాలా, ఇప్పుడు ఆ పసిది చావాలా? బాగుచేయమని పదహారేళ్ళు అడిగాం. ఎందుకు చేయలేదు? చేయకపోతే చేయలేదని ఎందుకు చెప్పనివ్వవు? లేక నువ్వెప్పుడూ వద్దనలేదా? నేనే నీ నోరు మూశానా?"

నాలుగో మర దగ్గర నా చెయ్యి ఆగింది. ఆరు వారాలుగా ప్రార్థన రాని మనిషిని. ఇంతసేపూ ఎవరితో మాట్లాడుతున్నాను? లేనివాళ్ళ మీద ఎవరికీ ఇంత కోపం రాదు.

తరువాత నాలుగో మర కూడా తీసి, గడియ పక్కన పెట్టి, చేతులు కడుక్కున్నాను.

ఆదివారం హాలు నిండింది. పెద్దమ్మ ముందు వరుసలో ఉంది. అమ్మ నాతో పాటే వచ్చింది కానీ స్త్రీల వైపు చివరి వరుసలో కూర్చుంది. టైలరమ్మ కిటికీ పక్కన, నుదుటికి పట్టీ వేసిన కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. ఇద్దరు సాక్ష్యాలు చెప్పారు. చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు నా వైపు చూసి మైకు చాచారు.

మైకు కీచుమని గోల పెట్టింది. అందరూ చెవులు మూసుకున్నారు. సరిచేయడానికి మూలలో ఎవరూ లేరు. దాన్ని కింద పెట్టేసి, తరగతి గదిలో చివరి బెంచీకి వినపడేలా మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాను.

"రెండు నెలల కిందట ఇక్కడే నిలబడి మా తమ్ముడికి ఇక మాత్రలతో పని లేదని చెప్పాను. అది నిజం కాదు. దేవుడు నాతో అలా చెప్పలేదు. డాక్టరూ చెప్పలేదు. చప్పట్లు విని అన్నాను. వాడు నా మాట నమ్మి మందు మానేశాడు. ఫిట్స్ వచ్చి చనిపోయాడు. కాలు జారలేదు. నా మాట విని ఇంకెవరైనా మందు ఆపి ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మా తమ్ముణ్ణి బాగుచేయమని దేవుణ్ణి అడిగాం. ఆయన చేయలేదు. ఎందుకో నాకు తెలియదు. ఆయన ఉన్నాడు. నేను అబద్ధం చెప్పిన రోజు కూడా ఉన్నాడు. ఆయన్నే నమ్ముతున్నాను. ఇది నా సాక్ష్యం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కప్పు నుంచి బకెట్లలోకి చుక్కలు పడటం వినిపిస్తోంది. పెద్దమ్మ, "ఇది చెప్పడానికి దేవుడి మందిరమే దొరికిందా!" అని లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనుక టైలరమ్మ కూడా లేచింది. నా వైపు చూడకుండా, కూతురి చెయ్యి పట్టుకుని, చెప్పులు వెతుక్కుని వానలోకి నడిచింది. ఆమె ఎందుకు వెళుతోందో నాకు తెలియలేదు.

పాస్టరుగారు ముందుకు వచ్చారు. "మందు వాడేవాళ్ళు ఎవరూ మందు ఆపొద్దు. ఆపమన్నట్టు నేను ఎప్పుడైనా మాట్లాడి ఉంటే నన్ను క్షమించండి" అన్నారు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. వడ్రంగి తాతయ్య లేచి ప్రార్థన చేశాడు. చాలా చిన్న ప్రార్థన.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సోమవారం బడికి వెళ్ళేసరికి ఆఫీసు గదిలో బల్ల మీద మాత్రల డబ్బా ఉంది. "టైలరమ్మ పొద్దున్నే ఇచ్చి వెళ్ళింది టీచర్. నిన్న చర్చి నుంచి నేరుగా డాక్టరు దగ్గరికే పోయారంట" అంది ఆయా. "మీకేమైనా చెప్పమంటావా అంటే, ఏం లేదంది." అది చాలు నాకు. కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాను. ఆయా తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

వానలు తగ్గాయి. గడియారం మొన్న డిక్టేషన్‌లో ఒక్క పదం కూడా వదలకుండా రాసింది. అప్పుడప్పుడు ఇంకా ఆగిపోతుంది. పూర్తిగా అదుపులోకి రావడానికి కాలం పడుతుందన్నారు. ఆ పిల్ల కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. అడిగింది ఇస్తేనే నమ్ముతానన్న షరతు ఇప్పుడు నాలో లేదు. పెద్దమ్మ నన్ను చూస్తే వీధి మారుతుంది. సంఘంలో నాలుగు కుటుంబాలు రావడం మానేశాయి. వాటి బరువు నాకు తెలుసు. అయినా నా విశ్వాసం మీద ఇప్పుడు నాకు అనుమానం లేదు. పదహారేళ్ళు ఫిట్స్ తగ్గాలని అడిగిన రోజుల్లో ఇంత గట్టిగా లేదది.

అమ్మ మళ్ళీ నా పక్కనే కూర్చుంటోంది. ఇంట్లో రోజూ పొద్దున ఇద్దరం కలిసి వాక్యం చదువుకుంటున్నాం. ఆ ఆదివారం గురించి అమ్మ ఎత్తదు, నేనూ ఎత్తను. అంతమంది ముందు ఒప్పుకోగలిగాను. అమ్మ ఎదురుగా కూర్చుని, 'నీ కొడుకు నా మాట విని మందు మానేశాడమ్మా, నన్ను క్షమించు' అని అడగాలి. ఇంకా అడగలేదు.